చూసినట్టు భావించిన స్తంభాలు

కరెంటు కంపెనీ కాలవ డిపోలో సుత్తి మేస్త్రిని ఎరగనివాళ్ళు లేరు. ఆయనకు రెండు సుత్తులున్నాయని డిపోలో చెప్పుకునేవారు. ఒకటి చేతిలో, ఒకటి నోట్లో. చేతిలోదానితో స్తంభాలను కొట్టేవాడు, నోట్లోదానితో మనుషులను. ఎదురుపడినవాడు పొరపాటున "బాగున్నారా మేస్త్రిగారూ" అన్నాడా, ముప్పైనాలుగేళ్ళ సర్వీసు మొదటిరోజు పొద్దుటినుంచి మొదలయ్యేది.

అయితే చెప్పుకోవడానికి సరుకున్న మనిషి. ఊరిబడిలో ఏడో తరగతితో చదువాగినా, ఇంజనీర్ల కోసం అచ్చువేసిన లావుపాటి పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండేళ్ళలో నమిలి మింగాడు. స్తంభాల తనిఖీకి ప్రభుత్వమిచ్చే లైసెన్సు పరీక్షలో డిప్లొమాలవాళ్ళను వెనక్కి నెట్టి మొదటివాడుగా నిలిచాడు. అరవై ఒక్కమంది లైన్‌మన్లను తయారుచేశాడు. ఆయన వెనకాల ఎండలో తిరిగి పని నేర్చుకున్న ఒక ట్రైనీ ఇంజనీరు ఇవాళ ఏకంగా కంపెనీ ఎండీ. పెద్దగాలి వచ్చిన ఏడాది నేలకూలిన ఆసుపత్రి లైనును పంతొమ్మిది గంటల్లో నిలబెట్టాడు. ఇంటి గోడమీద ఏడు షీల్డులున్నాయి. ఇవి గాలిమాటలు కావు, డిపో రికార్డులో ఉన్నవే. ఆయన నోట పంతొమ్మిది గంటలు ఒక్కోసారి పదిహేడయ్యేవి, అంతే తేడా.

వీటన్నిటికంటే పెద్దది మరొకటుంది. ఆయన చూసిన స్తంభంమీంచి ఇంతవరకు ఒక్క మనిషీ పడలేదు.

కర్రస్తంభాన్ని చూడటమంటే కళ్ళతో అయ్యే పని కాదు. మోకాలి ఎత్తునుంచి భుజం ఎత్తుదాకా చుట్టూ సుత్తితో కొట్టాలి. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. అక్కడితో అయిపోదు. స్తంభం మొదలు దగ్గర మట్టి జానెడు తవ్వి ఇనప ఊచతో పొడవాలి. ఊచ ఆగితే మంచిది. పెరుగులో చెంచాలా దిగిపోయిందంటే ఎక్కొద్దన్న గుర్తుగా ఎర్రరంగు పుయ్యాలి. పైకి నున్నగా, నిటారుగా, పెళ్ళికొడుకులా నిలబడ్డ స్తంభాలే ఎక్కువగా మోసం చేస్తాయి.

సర్వీసులో చేరిన మూడో ఏడు, అప్పటి మేస్త్రి సైకిలు దిగకుండా రోడ్డుమీంచే చూసి రిజిస్టరులో 'బాగుంది' అని రాసిన స్తంభం, ఎక్కిన మనిషితో సహా మొదలంటా విరిగింది. ఆ మనిషి ఈయన జతగాడు. ప్రాణం మిగిలింది, నడుము పోయింది. తాను మేస్త్రి అయ్యాక ఈయన రిజిస్టరులో 'బాగుంది' అన్నమాటే రాయనివ్వలేదు. 'చూశాను' అని రాసి సంతకం పెట్టేవాడు. "బాగుందో లేదో చెప్పడానికి దేవుడు కావాలి. చూశానో లేదో చెప్పడానికి మనిషి చాలు" అనేవాడు. రానురాను అది డిపో ఆనవాయితీ అయింది. ఎక్కబోయేవాడు నడుముకు పట్టా బిగించుకుంటూ "చూశారా?" అని అడగాలి. కిందివాడు రిజిస్టరు తెరిచి "చూశారు" అనాలి. అప్పుడే మొదటి అడుగు. చూడని స్తంభం ఎక్కమని ఎండీ వచ్చి నిలబడ్డా ఎవడూ ఎక్కడు.

అలాంటి కంపెనీ మీద పెట్టుబడి గుంపొకటి వచ్చి వాలింది. వీళ్ళ పద్ధతి ఒకటే. ఏదో ఒక కంపెనీలో కాసిని వాటాలు కొంటారు. ఆ కాసింతతోనే బోర్డులో రెండు కుర్చీలు పడతారు. ఇది కొయ్యండి, అది అమ్మండి అని యాజమాన్యం పీకమీద కూర్చుంటారు. మిగిలిన డబ్బు చూసి వాటా ధర పెరగ్గానే అమ్ముకుని ఇంకో ఊరు చూసుకుంటారు. వాళ్ళు బోర్డుకు రాసిన ఉత్తరం నకలు డిపోకు చేరింది. లైన్‌మన్లలోకెల్లా బక్కవాడు, పుల్ల అని పేరున్నవాడు, బల్లమీదెక్కి దాన్ని గట్టిగా చదివాడు. 'క్షేత్రస్థాయిలో ఏళ్ళ తరబడి పేరుకున్న కొవ్వును తక్షణం తొలగించాలి' అన్న వాక్యం దగ్గర ఆగి చొక్కా పైకెత్తాడు.

"కొవ్వట! ఏదిరా? ఈ ఎముకల సందున ఎక్కడుందో వచ్చి చూపించమనండి. దొరికితే వాళ్ళకే వండిపెడతా."

"కొత్తల్లుళ్ళ తంతు ఇది" అన్నాడు వెనకనుంచి ఒకడు. "వచ్చి మూడు నెలలు కాలేదు, అప్పుడే ఇంటి దూలాలు లెక్కపెడుతున్నారు."

మేస్త్రి అల్లుడు కూడా ఆ డిపోలోనే లైన్‌మన్. అతను నొచ్చుకున్నాడు. "అల్లుళ్ళంటే అంత చులకనేంటి? నేనిక్కడే ఉన్నా."

"నువ్వు దూలాలెక్కే అల్లుడివయ్యా" అన్నాడు మేస్త్రి. "వాళ్ళు దూలాలమ్ముకునే అల్లుళ్ళు. నీకూ వాళ్ళకూ పోలికేంటి?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు వారం నిలవలేదు. తనిఖీ జట్టులో ఎనిమిదిమంది ఉండేవారు. ఆరుగురిని ఇంటికి పంపారు. మేస్త్రి, ఆయనతో ఇంకొకడు మిగిలారు. ఆ సాయంత్రమే డిపో గోడకు నిలువెత్తు పోస్టరు అంటించారు. దానిమీద 'భద్రతే మా ఊపిరి' అని ఉంది. పోస్టరు అంటించడానికి మాత్రం ముగ్గురు మనుషులు వచ్చారు.

పెట్టుబడి గుంపు తరఫున కంపెనీలో కూర్చున్న పెద్దమనిషికి డిపోవాళ్ళు ఇస్త్రీబాబు అని పేరు పెట్టారు. ఎంత ఎండలోనైనా ఆయన చొక్కా మడత చెదిరేది కాదు. స్తంభం మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యనివాడి చొక్కా ఎందుకు చెదురుతుంది? ఒకరోజు ఆయన కాగితాల కట్టతో డిపోకు వచ్చాడు. కాలవ లైనులో ఆరువందల నలభై స్తంభాలకు ఆ ఏడాది తనిఖీ గడువు. లైసెన్సున్నవాడి సంతకంతో వివరాలు ప్రభుత్వ తనిఖీ కార్యాలయానికి వెళ్ళాలి. ఇద్దరు మనుషులతో అది ఏడాదిన్నర పని. గడువు మూడు వారాలు.

"వర్రీ కాకండి మేస్త్రిగారూ" అన్నాడు ఇస్త్రీబాబు. "ప్రాసెస్ సింపుల్ చేశాం. పాత రికార్డుల్ని బట్టి కంప్యూటరే కండిషన్ చెప్పేస్తుంది. మీరు సంతకం పెడితే చాలు."

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ముప్పైరెండు పేజీలు, పేజీకి ఇరవై స్తంభాలు. ఒక్కో అంకె ఎదుట 'స్థితి: బాగుంది' అని, దాని పక్కన 'తనిఖీ చేసినట్టు భావించడమైనది' అని అచ్చువేసి ఉంది.

"ఎవరు భావించారు సార్?"

"అంటే?"

"మా ఊరిబడి పంతులుగారు కర్త, కర్మ, క్రియ అని బెత్తం పట్టుకుని నేర్పారు. ఇందులో క్రియ ఉంది. కర్త లేడు. కర్మ మాత్రం ఎక్కేవాడిది."

పుల్ల కిసుక్కుమన్నాడు. ఇస్త్రీబాబుకు అర్థం కాలేదు, అయినా పళ్ళు బయటపెట్టాడు. మేస్త్రి పేజీలు తిప్పుతూ పోయాడు. ఆయనకు స్తంభాలు అంకెలతో సహా, పక్కింటి పిల్లల్లా గుర్తు. పదకొండో పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఈ రెండువందల పద్నాలుగు బాగుందంటారా?"

"కంప్యూటర్ చెప్పింది కదండీ."

"అయితే పదండి. నాకు ఈ ఒక్కటి చూపించండి. చూపిస్తే మొత్తానికీ సంతకం పెడతా."

విషయం ఎండీ దాకా వెళ్ళింది. గడువు తరుముకొస్తున్నందువల్ల, ముసలాయన ముచ్చట తీర్చి పని కానిద్దామనుకున్నారు కాబోలు, మర్నాడు ఎండీ తన కారులోనే ఇద్దరినీ ఎక్కించుకుని బయల్దేరాడు. కాలవ రోడ్డు మలుపులో కారు ఆగింది. ఎదురుగా టైర్ల దుకాణం. ఇస్త్రీబాబు ఫోనులో పటం చూశాడు, రోడ్డు చూశాడు, మళ్ళీ పటం చూశాడు. దుకాణంవాడు చేతుల నలుపు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఏం కావాలి సార్?"

"ఇక్కడ ఒక కరెంటు స్తంభం ఉండాలి."

"స్తంభమా! ఆరేళ్ళ కిందట సిమెంటు లారీ గుద్దితే పీకేశారు కదండీ. తీగ ఆవలి వైపుకు మార్చారు. పీకించింది ఈ మేస్త్రిగారే. ఆ గుంత పూడ్చే నేను దుకాణం పెట్టుకున్నా." అని మేస్త్రివైపు తిరిగాడు. "ఏంటి మేస్త్రిగారూ, మీరు కూడా మర్చిపోయారా?"

"నేను మర్చిపోలేదయ్యా. ఈ సార్లు చూశారట. బాగుందట."

దుకాణంవాడు పగలబడి నవ్వాడు. లేని స్తంభాన్ని చూసి బాగుందని రాసినందుకు సిగ్గుతో తల దించుకుంటారని మేస్త్రి అనుకున్నాడు. ఇస్త్రీబాబు మొహంలో మడతైనా పడలేదు.

"గుడ్ క్యాచ్ మేస్త్రిగారూ. ఆ ఒక్క లైనూ డిలీట్ చేసేస్తాం. మిగతా ఆరువందల ముప్పైతొమ్మిదికి పెట్టేయండి."

అన్నంలో బల్లి పడిందంటే, దాన్ని తీసి పక్కన పడేసి మిగతాది తినమన్నట్టుంది ఈ మాట. మేస్త్రి ఎండీ మొహంలోకి చూశాడు. ఒకప్పుడు ఈ రోడ్డుమీదే తన వెనకాల చెమటలు కక్కుతూ తిరిగి, ఊచ దిగిపోయిన మొదటి స్తంభాన్ని చూసి "అమ్మో" అని రెండడుగులు వెనక్కి వేసిన కుర్రవాడు ఈయన. ఇప్పుడు ఎటో చూస్తూ కారు తలుపు తీశాడు. ఇస్త్రీబాబుకు తెలియదు, తెలియనివాడి పాపం సగం. ఈయనకు అంతా తెలుసు.

ఆ మధ్యాహ్నం ఎండీ తన గదికి ఒంటరిగా పిలిపించాడు. చల్లటి పళ్ళరసం తెప్పించాడు. ఒక పుస్తకం ప్రూఫు ముందుకు తోశాడు. అట్టమీద మేస్త్రి ఫొటో ఉంది.

"నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు కదా. సభ పెద్దహాల్లో పెడుతున్నాం. మీ సర్వీసంతా ఇలా అచ్చువేయిస్తున్నాం. అరవైనాలుగు పేజీలు. ఇంతవరకూ ఈ కంపెనీలో ఏ మేస్త్రికీ ఇలాంటి గౌరవం దక్కలేదు. అమ్మగారిని కూడా వేదిక మీద కూర్చోబెడతాం. మీరు మాత్రం ఆ కాగితాలు... అర్థం చేసుకోండి. నా చేతులు కట్టేశారు."

దాచడమెందుకు, పొగడ్త అంటే మేస్త్రికి ప్రాణం. గోడమీద ఎనిమిదో షీల్డుకు ఎప్పుడో మేకు కొట్టి ఉంచాడు. పేజీలు తిప్పాడు. లైసెన్సు పరీక్ష ఉంది, అరవై ఒక్కమంది శిష్యులున్నారు, పెద్దగాలి ఉంది. ఆసుపత్రి లైనును 'కేవలం పదిహేడు గంటల్లో' పునరుద్ధరించారని నల్లటి అక్షరాలతో అచ్చుపడి ఉంది.

ఆయన అక్కడే ఆగిపోయాడు.

"ఇది పంతొమ్మిది సార్."

"మీరే పదిహేడంటారుగా ఎప్పుడూ!"

"నేను నోటితో అంటాను. అచ్చులో వెయ్యడానికి డిపో రికార్డు చూడలేదా?"

"ఎవరు చూస్తారు మేస్త్రిగారూ? పదిహేడైతే బాగుంటుందని..."

మేస్త్రి పుస్తకం మూసేశాడు. ఇన్నేళ్ళూ తీయగా ఉన్న ఆ పదిహేడు మొదటిసారి నోట్లో చేదుగా తగిలింది. తన బతుకునూ ఆ ఆరువందల నలభైలో ఒకటిగా కలిపేశారు. ఎవరూ చూడలేదు, బాగుందని వేసేశారు.

"సార్, నేను మీకు నేర్పింది చూడటం. భావించడం మీరే నేర్చుకున్నారు." రసం తాగకుండానే లేచాడు.

ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుని కూర్చుంటే ఇల్లాలు వచ్చింది.

"ఏమండీ, మొహం అలా మాడిపోయిందేం?"

"చూడని స్తంభాల్ని చూసినట్టు భావించమంటున్నారు."

"బాగానే ఉంది. ఇవాళ కూర వండినట్టు భావించండి. తిన్నట్టు కూడా భావించి చెయ్యి కడిగేసుకోండి. నాకు గిన్నెలు తోమే పని తప్పుతుంది."

ఆయనకు నవ్వు రాలేదు. పుస్తకం సంగతీ, వేదిక సంగతీ, సంతకం పెట్టకపోతే అవేవీ ఉండవన్న సంగతీ చెప్పాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది.

"కాలవ లైనంటే మన అల్లుడు ఎక్కేదేనా?"

"ఆ."

"మరింకేంటి మీ తర్జనభర్జన?"

"వేదికమీద నిన్ను కూడా కూర్చోబెడతామన్నారే."

"నా నడుం నొప్పికి ఆ కుర్చీలు పడవులెండి. గోడమీద ఏడున్నాయి, వాటి దుమ్ము తుడవలేకే నేను చస్తున్నా. మీకేం, మీరు చూసుకుని మురిసిపోతారు."

మర్నాడు పదింటికి మేస్త్రి హెడ్డాఫీసుకు వెళ్ళాడు. సంతకాలకు సిద్ధంగా వచ్చానన్నాడు. ఇస్త్రీబాబు మొహం వెలిగిపోయింది. అద్దాలగదిలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. మేస్త్రి కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీ మొదటి వరుసలో 'తనిఖీ చేసినట్టు భావించడమైనది' అన్నదాన్ని గీత గీసి కొట్టేశాడు. పక్కన ఊరిబడి గుండ్రటి అక్షరాలతో 'చూడలేదు' అని రాసి సంతకం పెట్టాడు. రెండో వరుస, మూడో వరుస, అలాగే. తీసేస్తామన్నా ఇంకా అలాగే ఉన్న రెండువందల పద్నాలుగు ఎదుట మాత్రం 'లేదు' అని రాశాడు.

మధ్యాహ్నానికి వేళ్ళు బిగుసుకుపోయాయి. చెయ్యి విదిలించుకుని మళ్ళీ రాశాడు. అద్దం అవతలినుంచి ఇస్త్రీబాబు రెండుసార్లు బొటనవేలు పైకెత్తి చూపించాడు. పంతొమ్మిదో పేజీలో ఉండగా ఎండీ వచ్చి వెనక నిలబడ్డాడు. కాగితం మీదికి వంగాడు.

"మేస్త్రిగారూ" అన్నాడు గొంతు తగ్గించి, "నేనిది చూడలేదు."

"అవును సార్. నేనూ అదే రాస్తున్నా."

ఎండీ వెళ్ళిపోయాడు. అది ధైర్యమని ఎవరూ పొరపడక్కర్లేదు. రేపు ఏది జరిగినా తన మీదికి రాకుండా అప్పుడే చేతులు కడుక్కుని వెళ్ళాడు. ఆపితే ఒక రోత, ఆపకపోతే ఇంకో రోత. ఆయన రెండూ కాని మూడో రోతను ఎంచుకున్నాడు.

నాలుగున్నరకు ముప్పైరెండో పేజీ పూర్తయింది. ఇస్త్రీబాబు కట్ట అందుకుని, వరుసవరుసకూ సంతకం ఉందా లేదా అని అంచులు ఫరఫరా తిప్పాడు.

"పంపేముందు ఒక్కసారి చూసుకోండి సార్" అన్నాడు మేస్త్రి.

"చూసినట్టే లెండి!" అని ఆయన భుజం తట్టి, 'అన్ని స్తంభాలూ తనిఖీ పూర్తి' అని పైన ఉత్తరం జతచేసి, అరగంటలో ఒక మనిషి చేతికిచ్చి తనిఖీ కార్యాలయానికి పంపించేశాడు.

వారం తిరక్కుండా అక్కడినుంచి జవాబొచ్చింది. మీ లైసెన్సుదారుడే చూడలేదని ఆరువందల ముప్పైతొమ్మిదిసార్లు సంతకం చేశాడు, ఒక స్తంభం అసలు లేదంటున్నాడు, పూర్తయిందని మీరు రాసిందేమిటి, మొత్తం చూసేవరకు ఆ లైనులో ఎవరినీ ఎక్కించరాదు అని. ఆ జవాబు నకలు డిపో గోడమీద, నిలువెత్తు పోస్టరు మీదే అంటించారు. "చూశారా?" అని పుల్ల అరిస్తే డిపో డిపో అంతా "చూడలేదు" అని అరిచింది. ఎవడూ పట్టా బిగించలేదు.

మేస్త్రిని ఆ రోజే బలవంతపు సెలవుమీద ఇంటికి పంపారు. సభ రద్దయింది. పుస్తకం ఏమైందో అడిగినవాడు లేడు. లైసెన్సున్న మనిషిని ఇంకో డిపోనుంచి తెచ్చారు, ఇంటికి పంపిన ఆరుగురినీ మళ్ళీ పిలిచారు. పర్మనెంటుగా కాదు, రోజుకూలీ మీద. ఇస్త్రీబాబుకు ఏమీ కాలేదు. పెట్టుబడి గుంపు అప్పటికే ధర పెరిగిన వాటాలను అమ్మేసుకుని, పక్క ఊళ్ళో నీళ్ళ కంపెనీలో కుర్చీలు చూసుకుంది. ఆయన ఇప్పుడు అక్కడ పైపులను భావిస్తున్నాడు. ఎండీ పత్రికలవాళ్ళను పిలిచి, సంస్థ స్వచ్ఛందంగా చేపట్టిన భద్రతా చొరవ గురించి అరగంట మాట్లాడాడు. అది చదివిన మేస్త్రి ఇల్లాలు పేపరును మడిచి కూరగాయల తొక్కలకింద పరిచింది.

రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం అల్లుడు ఇంటికొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"మామయ్యగారూ, రెండువందల ఎనభై చూశారు. నలభైఒకటి పుచ్చినవి. స్కూలు వెనకది చేత్తో తోస్తేనే ఊగింది. అన్నీ బాగున్నాయని అచ్చువేశారే! మీరు 'చూడలేదు' అనకపోతే, ఆ పుచ్చినవాటిలో నాలుగు నేనీపాటికి ఎక్కేసి ఉండేవాణ్ణి."

మేస్త్రి నలభైఒకటిని మనసులో ఒక్కొక్కటిగా నిలబెట్టి చూసుకుంటున్నాడు.

"డిపోలో అందరూ మీరే గెలిచారంటున్నారు."

"గెలవడమేంటయ్యా! ఒళ్ళంతా బురద అంటుకుంటే గెలుపంటారా? ముప్పైనాలుగేళ్ళు 'చూశాను' అని రాసిన చేత్తో ఆరువందలసార్లు 'చూడలేదు' అని రాశా. ఛీ. అదా నా ఆఖరి పని?" కుర్చీ అల్లుడి దగ్గరికి లాక్కున్నాడు. "ఆ వచ్చినాయన ఎలా చూస్తున్నాడు? మట్టి తవ్వుతున్నాడా, పైపైన కొట్టి పోతున్నాడా?"

"జానెడు తవ్వుతున్నాడు. పద్ధతిగానే ఉన్నాడు."

"రేపు ఎటు?"

"కాలవగట్టు మీదివి."

"అక్కడ జానెడు చాలదు. ఆ గట్టు ఏడాదంతా తడి, పుచ్చు లోతున పడుతుంది. మూరెడు తవ్వమను. నేను చెప్పానని చెప్పక్కర్లేదు, నువ్వే అన్నట్టు అను. తవ్వకపోతే మాత్రం ఎక్కకు."